పోయినోళ్ల పేరుకు రాయి లేదు

“మొగడు క్యాంపుల పడ్డంక ఇగ నువ్వెవనికి వంత పాడుతవే?”

మోత్కూరు అంగట్లో మిరపకాయల కుప్పల నడుమ నిలబెట్టి గుర్వయ్య అడిగిన మాట ఇది. పక్కన మిరపకాయలు ఏరుకుంటున్నవాళ్లు నవ్వారు. నర్సింగమ్మ కొంగులో అర్ధశేరు నూకల మూట ఉంది. దాన్ని ఇంకొంచెం బిగించి కట్టుకుని, “నీకైతే పాడనులే అన్నా” అని ముందుకు నడిచింది.

నాలుగడుగులు వేశాక గానీ ఆ మాట ఆమెకు తగల్లేదు. నిజమే. ఎవరికి పాడాలి?

వాళ్లది శారద కథ చెప్పే ఇల్లు. మొగుడు సాయిలు శారద అనే తంబురను భుజానికి ఆనించుకుని, తీగ మీటుతూ, బొటనవేలికి తొడిగిన అందె గల్లుమనిపిస్తూ ముందు నిలబడి కథ నడిపేవాడు. ఆమె వెనక నిలబడి బుడిగె వాయిస్తూ వంత పాడేది. బుడిగె అంటే చంకలో ఇమిడే చిన్న డోలు. పదమూడో ఏట కాపురానికి వచ్చింది, ఇప్పుడు ముప్పై ఆరు. ఇరవై మూడేళ్లుగా కథలో ప్రతి వరుసకూ తల సాయిలుది, తోక ఆమెది. ఆయన “పడమటి రాజు వేటకు వెళ్లె” అంటే ఆమె “వెళ్లెనయ్యా వెళ్లె” అనాలి. ఆరు పెద్ద కథలు ఆమెకు కొసల నుంచి తెలుసు. మొదళ్లతో ఎన్నడూ పని పడలేదు.

ఇప్పుడైతే ఇలాంటివాళ్లను కళాకారులంటున్నారు, శాలువాలు కప్పుతున్నారు. ఆ రోజుల్లో నర్సింగమ్మను ఎవరైనా ఆ పేరుతో పిలిచి ఉంటే వెనక ఇంకెవరో ఉన్నారనుకుని తిరిగి చూసేది. ఆమెకు తెలిసినంతవరకు కథ అంటే పన్నెండూళ్ల కల్లాల్లో ఇంటికింత అని కొలిచి పోసే జొన్నలు.

పోలీస్ యాక్షన్ అయి ఏడాదిన్నర దాటింది. రజాకార్లు పోయారు, పోలీసు క్యాంపులు వచ్చాయి. క్యాంపుల్లో ఉన్నవాళ్లు మీకు విడుదల తెచ్చామన్నారు. అడవిలో ఉన్నవాళ్లు అసలు విడుదల మేం తెస్తామన్నారు. ఈ రెండు విడుదలల నడుమ ఊళ్లవాళ్లు పొద్దు వాలకముందే గొడ్లను కట్టేసి తలుపులు బిగించుకున్నారు. చీకటి పడ్డాక బయట కదిలినవాణ్ణి ఎవరని అడగకుండానే కాలుస్తారని దండోరా వేశారు. కథలు చెప్పుకునేదే చీకటి పడ్డాక గనక, కథోళ్ల పొయ్యిలు అందరికంటే ముందు ఆరాయి.

అయినా పుష్యమాసంలో సాయిలు ఒక గూడెంలో పగటిపూట కథ చెప్పాడు. విన్నవాళ్లలో నలుగురి గొంగళ్ల కింద తుపాకులు ఉన్నాయట. మర్నాడు చిర్రకుంట క్యాంపు నుంచి జీపు వచ్చింది. అమీను, అంటే క్యాంపు పోలీసు అధికారి, బెజవాడ అవతలివాడు, చదువుకున్నవాడు. అడిగింది ఒక్కటే.

“కథ విన్నవాళ్ల పేర్లు చెప్పు.”

“పైసలియ్యనోని పేరు మాకెట్ల తెలుస్తది దొరా?” అన్నాడు సాయిలు.

అది వెటకారం కాదు, అక్షరాలా నిజం. కథ నడుమ ఎవరైనా పైసో, పావలానో ఇస్తే అక్కడికక్కడే కథ ఆపి, వాళ్ల ఊరూ పేరూ పిలిచి దీవించాలి. పేరు పిలవకుండా తీసుకున్న పైస దొంగిలించిన పైసతో సమానం. అందులోనూ ఒక పద్ధతి ఉంది. బతికున్నవాళ్ల పేరున ఇస్తే పైసను బుడిగె మీద పెడతారు, టక్కుమని మోగుతుంది. అప్పుడు “నిండ నూరేండ్లు ఇంట సల్లగుండ” అనాలి. పోయినవాళ్ల పేరున ఇస్తే కింద పరిచిన గుడ్డ మీద వేస్తారు, చప్పుడుండదు. అప్పుడు “పోయిన లోకాన సల్లగుండ” అనాలి. పేర్లు పిలిచే పని వంత పాడేవాళ్లది, అంటే నర్సింగమ్మది. పైస మోగితే ఒక దీవెన, మోగకపోతే ఒక దీవెన. ఇరవై మూడేళ్లలో ఆ పని ఆమె తలలోంచి జారి నాలుక మీదికి వచ్చేసింది. కళ్లు మూసుకుని కూడా చేసేది.

సాయిలుకు నాలుగైదు వందల పేర్లు వచ్చు. కాని ఆ గూడెంలో గొంగళ్లు కప్పుకున్న నలుగురూ దమ్మిడీ ఇవ్వలేదు. కాబట్టి ఆయనకు సంబంధించి వాళ్లకు పేర్లు లేవు. అమీనుకు ఈ శాస్త్రం ఎవరు చెప్పాలి? సాయిలు ఎడమచేతి వేళ్లు రెండు విరిచారు.

క్యాంపు చిర్రకుంట దొర గడీలో పెట్టారు. ఖైదీలు గడీ వెనక మేకల కొట్టంలో. నర్సింగమ్మ రెండు రోజులకోసారి జొన్నగటక మోసుకుపోయి జవాను చేతికిచ్చేది. అది కొట్టంలోకి పోతుందో, జవాను కడుపులోకి పోతుందో ఆమెకు తెలియదు. తెలిసేది దగ్గు ఒక్కటే. గోడ అవతలి నుంచి వినిపించేది. మొదట్లో పొడిదగ్గు. మాఘం పోయేసరికి అది తడి దగ్గయింది, దగ్గిన తర్వాత ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టేది. గొంతు మీద బతికే ఇంట్లో ఆ తేడాను ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఇంకో నెల ఆ కొట్టంలో ఉంటే మనిషి దక్కడు.

ఆమె పట్వారి కాళ్లు పట్టుకుంది. పట్వారి, “నా మాట నడిస్తె నేనే గీడ ఎందుకుంట?” అన్నాడు. కొత్తగా ఖద్దరు వేసుకున్న ఒకాయన దగ్గరికి పోయింది. ఆయన అహింస గురించి గంటసేపు చెప్పి మజ్జిగ ఇప్పించాడు. ఆమె మజ్జిగ తాగి వచ్చింది.

సరిగ్గా అప్పుడే చిర్రకుంటలో కథల పందెం పెడుతున్నారని డప్పు కొట్టారు.

ఆ పందెం ఆ పక్క ఊళ్లలో పాతది. ఏటా శివరాత్రి దాటాక రెండు కథల మేళాలు ఎదురెదురుగా నిలబడేవి. చెప్పేది ఒకటే కథ. ఒకరు ఆపిన చోటు నుంచి ఇంకొకరు అందుకోవాలి. అవతలివాడు నోరు వెళ్లబెట్టే చోట కథను వదలడంలోనే ఆపేవాడి తెలివి. ఎవరికి ఎన్ని పేర్లు చదివిస్తే వాళ్ల కుండలో అన్ని రాళ్లు పడతాయి. రూపాయిచ్చినా ఒక రాయే, పైసిచ్చినా ఒక రాయే. పోయినవాళ్ల పేర్లకు మాత్రం రాయి లేదు, అది బతికినవాళ్ల పందెం. గెలిచిన మేళానికి ఏడాదిపాటు పన్నెండూళ్ల కథహక్కు. అంతేకాదు, గెలిచినవాళ్లు ఊరి పటేలును ఒక కోరిక అడగవచ్చు, పటేలు కాదనకూడదు. ఒకాయన మేకపోతును అడిగాడు. ఇంకొకాయన తన మీద పడ్డ జుల్మానా కొట్టేయమన్నాడు. సాయిలు తండ్రి అయితే పటేలు నెత్తి మీది పగిడీని అడిగి, పుచ్చుకుని, ఊరు దాటాక అమ్ముకున్నాడు.

గడబిడల్లో రెండేళ్లు పందెం ఆగిపోయింది. చివరిసారి గెలిచింది గుర్వయ్యే. ఇప్పుడు పటేలు హైదరాబాదుకు పారిపోయి ఉన్నాడు. శాంతి నెలకొందని పైవాళ్లకు రాసుకోవడానికి అమీనుకు ఒక జాతర కావాలి. అందుకని పందెం. పట్టపగలు, ఎండలో, పటేలు కుర్చీలో అమీను.

“నేను చెప్త అత్తా” అంది నర్సింగమ్మ.

బిక్షమ్మ, సాయిలు తల్లి, పొయ్యి ఊదుతున్నదల్లా తలెత్తింది. “ఏం చెప్తవ్?”

“కథ.”

“నీ నోట్లెకెల్లి మొదటి మాట ఎన్నడన్న వచ్చిందా?”

“వస్తది. నువ్వు వంత పాడు.”

“ఆడిది ముందట నిలవడి శారద పట్టుకుంటె ఊరంత నవ్వుతది.”

“నవ్వనీ. పైసేసి నవ్వుమను.”

ముసలిది పొగకో దేనికో కళ్లు తుడుచుకుంది. “గెలిస్తె మాత్రం ఎవన్ని అడుగుతవ్? గా అమీను పటేలా?”

“పటేలు కుర్సీల కూసున్నోడు పటేలే. పదిమందిల కాదంటె వాని కుర్సీకే ఇజ్జత్ లేదు.”

ఇంతకంటే బలమైన ఆధారం ఆమె దగ్గర లేదు. చదువుకున్నవాడి మర్యాద మీద, తెలియని మనిషి సిగ్గు మీద ఆమె మొగుడి ప్రాణం పెట్టింది. ఇంకెక్కడ పెట్టాలో ఎవరూ చూపించలేదు.

పందెం రోజు గడీ ముందరి మైదానంలో గడ పాతారు. దాని నీడ గీత దాటితే ఒకరి వంతు అయిపోయి ఇంకొకరి వంతు. రాళ్లు వేయడానికి లచ్చయ్య, ఊరి సుంకరి. సర్కారుకైనా దొరకైనా అడవివాళ్లకైనా కబురు మోసి అందరిచేతా తిట్లు తిన్నవాడు గనక అందరికీ నమ్మకస్తుడు. జనం బాగానే వచ్చారు. రాకపోతే పేర్లు రాసుకుంటారని భయపడి వచ్చినవాళ్లు కొందరు, రెండేళ్లుగా కథ వినక వచ్చినవాళ్లు కొందరు.

పడమటి రాజు బిడ్డ పగిడమ్మ కథ. గుర్వయ్య మొదలుపెట్టాడు. మంచి గొంతు. అతని తమ్ముళ్లిద్దరూ వెనక వంత. పెళ్లి చేశాడు, పగిడమ్మ మొగుణ్ణి యుద్ధానికి పంపాడు, నీడ గీత దాటింది. పద్నాలుగు రాళ్లు.

నర్సింగమ్మ ముందుకు వచ్చింది. శారద బరువు ఆమెకు తెలుసు, మోసుకు తిరిగింది ఆమే. కాని ముందు నిలబడితే అది వేరే బరువు. దీపం వెలుగులో చెప్పే కథకు వినేవాళ్ల మొహాలు కనిపించవు. ఎండలో ఒక్కొక్క మొహం కనిపిస్తున్నది. మొదటి మాట రాలేదు. జనంలో ఎవడో, “మొదలు క్యాంపుల ఉన్నది, కొస గీడికొచ్చింది” అన్నాడు. నవ్వులు.

ఆమె వెనక్కి తిరిగి, “అత్తా, నువ్వు కొస అందుకో, నేను ఎనక నుంచి గుంజుకొస్త” అంది. బిక్షమ్మ “ఎదురు చూసెనమ్మా చూసె” అని ఎత్తుకుంది. ఆ తోకను పట్టుకోగానే దానికి తగిలి ఉన్న తల కదిలింది. అలా ప్రతి వరుసనూ వెనక నుంచి లాక్కొచ్చి నిలబెట్టింది. వినేవాళ్లకు అది కొత్త పద్ధతిలా అనిపించింది. ఆమెకు అది మునిగిపోతున్న మనిషి దొరికినదాన్ని పట్టుకోవడం. పదకొండు రాళ్లు పడ్డాయి.

వంతులు మారాయి. పొద్దు నడినెత్తి దాటింది. గుర్వయ్య చివరి వంతు ముగియవచ్చేసరికి అతనివి యాభై మూడు, ఆమెవి ముప్పై ఆరు. అప్పుడు గుర్వయ్య కథను తీసుకుపోయి ఎక్కడ పెట్టాడంటే, యుద్ధం నుంచి శవం మోసుకొచ్చి పగిడమ్మ గడప ముందు దింపించాడు. దింపించి, “ముత్తైదువ పగిడమ్మ ఇగ ఏమాయెనో మా చెల్లె నర్సింగమ్మే చెప్పాలె” అని నీడ గీత దాటకముందే తప్పుకున్నాడు.

ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఛీ అన్నారు. గడీ వెనక నుంచి దగ్గు వినిపించింది.

నర్సింగమ్మకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంలో మొదళ్లకోసం వెతుక్కోవడం మరిచిపోయింది. పగిడమ్మ గడప దిగింది. శవం మీద గుడ్డ తీసింది. మొకం చూడలేదు, చేతులు చూసింది.

“గీ చేతులు నా మొగనియి కావు. నా మొగని ఏళ్లు నాకెర్క. ఇరిగినా నాకెర్క, అతికినా నాకెర్క. ఎవన్నో తెచ్చి నన్ను ఏడువుమంటరా? తీస్కపోండ్రి! వాడు ఉన్నడు. యాడనో దగ్గుకుంట ఉన్నడు!”

మైదానం అంతా ఒక్కసారి లేచింది. పైసలు బుడిగె మీద వడగండ్లలా పడ్డాయి. టక్కు, టక్కు, టక్కు. వంత అత్తదైనా, అలవాటు కొద్దీ ఆమే శారద మీటుతూ పేర్లు పిలిచింది. కాటమయ్య నిండ నూరేండ్లు ఇంట సల్లగుండ. గోవిందమ్మ కొడుకు నిండ నూరేండ్లు ఇంట సల్లగుండ. లచ్చయ్య రాళ్లు వేస్తూ లెక్క పైకి అంటున్నాడు. నలభై నాలుగు. నలభై తొమ్మిది. యాభై మూడు. అక్కడ ఆగింది. ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేశారు. నీడకూ గీతకూ నడుమ వేలెడు జాగా లేదు. సరిసమానమైతే చివరిసారి గెలిచినవాళ్లదే గెలుపు, అంటే గుర్వయ్యది.

అప్పుడు భద్రమ్మ లేచి వచ్చింది.

భద్రమ్మది చిర్రకుంటలోనే ఎడ్లూ ఎవుసం ఉన్న కాపుల ఇల్లు. ఒక్కడే కొడుకు, రఘుపతి, దళంలో కలిశాడు. నిరుడు అమ్రాబాద్ అడవిలో కాల్చి చంపారని కబురు వచ్చింది. ఇంటివాళ్లు దినాలు చేశారు, ఊరికి అన్నం పెట్టారు, సాయిలు నర్సింగమ్మలే అక్కడ కథ చెప్పారు. అప్పటినుంచి పోలీసులు ఆ ఇంటికి రావడం మానుకున్నారు. ఆ దినాల్లో నర్సింగమ్మ ఒకటి గమనించింది. పోయిన కొడుకు పేరున తల్లి గుడ్డ మీద పైస వేయలేదు. అందరూ వేశారు, ఆమె వేయలేదు. నర్సింగమ్మకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా.

ఇప్పుడు భద్రమ్మ ఎందుకు లేచింది? గోడ అవతల దగ్గుతున్నవాడు తన కొడుకు దినాలకు కథ చెప్పినవాడు, వేళ్లు విరిచినా ఒక్క పేరూ చెప్పనివాడు. ఒక్క రాయి తక్కువైంది. తన పేరూ మొగుడి పేరూ పొద్దుటే చదివించింది, ఇంట్లో మిగిలిన పేరు ఒకటే. అర్ధరూపాయి బిళ్ల తీసింది. గుడ్డ మీద వేయడానికి చెయ్యి రాలేదు. బతికున్న కొడుకు పేరున ఏ తల్లి గుడ్డ మీద వేస్తుంది? బుడిగె మీద పెట్టింది.

టక్.

“మా రఘుపతి పేర.”

“చిర్రకుంట భద్రమ్మ కొడుకు రఘుపతి నిండ నూరేండ్లు ఇంట సల్లగుండ!” అంది నర్సింగమ్మ నాలుక.

నీడ గీత దాటింది. లచ్చయ్య రాయి వేశాడు, అలవాటుగా. “యాభై నాలుగు” అనబోయి సగంలో ఆగాడు. మైదానంలో ఊళ్లవాళ్లందరికీ ఒక్కసారే అర్థమైంది. ఒక్కరు కూడా చప్పుడు చేయలేదు. అమీను సిగరెట్టు వెలిగించుకుంటున్నాడు, అతనికేం తెలియదు. ఇంకో నిమిషం గడిస్తే గడిచిపోయేదే.

“ఆగుండ్రి!” అని అరిచాడు గుర్వయ్య. “సచ్చినోని పేరుకు రాయి యాడిది? తియ్యుండ్రి!”

పందెంలో ఉన్న మనిషికి పందెమే కనిపిస్తుంది. మాట బయటపడ్డాక గుర్వయ్య మొహం మట్టికొట్టుకుపోయింది. కాని అమీను అప్పటికే అగ్గిపుల్ల పారేశాడు.

“ఎవరు చచ్చిందీ?”

“ఏం లే దొరా. నేనే ఓడిన. పోనియ్యుండ్రి” అన్నాడు గుర్వయ్య.

“చచ్చినవాడి పేరన్నావుగా ఇప్పుడే? ఎవడు వాడు?” లచ్చయ్యను పిలిచాడు. లచ్చయ్య పద్ధతి అంతా చెప్పాడు, బుడిగె మీద పెడితే ఏమిటి, గుడ్డ మీద వేస్తే ఏమిటి. అమీను శ్రద్ధగా విన్నాడు. తర్వాత నర్సింగమ్మ వైపు తిరిగాడు.

“అయితే లెక్క తేలికేనమ్మా. ఆ రఘుపతి బతికుంటే రాయి ఉంటుంది, నువ్వు గెలిచావు. చచ్చిపోయి ఉంటే రాయి తీసేస్తారు, నువ్వు ఓడావు. ఏదీ, నీ నోటితో చెప్పు. ఉన్నాడా, పోయాడా?”

కుండలో రాయి ఉంది. ఆ రాయికి అవతల మేకల కొట్టం తలుపు ఉంది. భద్రమ్మ నర్సింగమ్మ వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తున్నది, పెదవులు కదులుతున్నాయి. కొట్టం నుంచి మళ్లీ దగ్గు. ఈసారి చాలాసేపు ఆగలేదు.

“పోయిండు దొరా” అంది నర్సింగమ్మ.

“మరి నూరేళ్లుండమన్నావే?”

“నోరు జారింది. పైస మోగితె నోరు గట్లనే అంటది. ఆయమ్మ గుడ్డ మీద ఎయ్యబోయి బుడిగె మీదేసింది. దుఃఖంల ఉన్న మనిషి.”

“సరే. అయితే సరిచెయ్యండి” అన్నాడు అమీను. వెటకారం లేదు, బళ్లో పంతులులా అన్నాడు. “ఆవిణ్ణి మళ్లీ వెయ్యమను. గుడ్డ మీద. నువ్వు చచ్చినవాళ్లకు ఏమంటారో అది అను. గట్టిగా.”

భద్రమ్మ దగ్గర ఇంకో బిళ్ల లేదు. నర్సింగమ్మ బుడిగె మీది అర్ధరూపాయిని తీసి తిరిగి ఆమె చేతిలో పెట్టింది. “వెయ్యి తల్లీ” అంది మెల్లగా. “ఎయ్యకుంటె నమ్మడు.”

“నావల్ల గాదు నర్సింగీ.”

“వెయ్యి. నీ కాల్మొక్త.”

బిళ్ల గుడ్డ మీద పడింది. చప్పుడు కాలేదు.

“చిర్రకుంట భద్రమ్మ కొడుకు రఘుపతి,” అంది నర్సింగమ్మ. జీవితంలో మొదటిసారి ఆ దీవెన ముందు ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. “పోయిన లోకాన సల్లగుండ.”

“సల్లగుండ” అని బిక్షమ్మ వంత పాడింది. పాడకుండా ఉండటం ముసలిదానికి తెలియదు.

భద్రమ్మ అప్పుడు ఏడ్చింది. కొడుకు దినాల్లో కూడా అలా ఏడవలేదు. ఆ ఏడుపు చూసి అమీను నమ్మాడనే ఊరంతా అనుకుంది.

లచ్చయ్య రాయి తీసేశాడు. యాభై మూడు, యాభై మూడు. గుర్వయ్య గెలిచాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అమీను, “ఊఁ, కోరుకో” అన్నాడు.

గుర్వయ్య లేవబోతుంటే నర్సింగమ్మ అతని ముందుకు వచ్చి నిలబడింది.

“అన్నా, నీ కోరిక నాకమ్ము.”

“ఏందే?”

“సాయిలును అడుగు. నేను పైసలిస్త.”

గుర్వయ్య తల గోక్కున్నాడు. “ఎద్దునడుగుదామనుకున్న చెల్లె. రజాకార్లు నా ఎద్దును కోస్కతిని రెండేండ్లాయె. ఒంటెద్దుతోని బండి ఎట్ల నడుస్తది?”

“ఎద్దుకెంత?”

“అరవై. నిజాం హాలీ రూపాయలు.”

“అరవై ఇస్త.”

“యాడికెల్లి తెస్తవే? నీ కొంగుల నూకలు గూడ లేవు.”

“కథలు చెప్పి తెస్త. ఎట్ల తెస్తనో నీకెందుకు? అడుగన్నా, వాడు దగ్గుతున్నది ఇనవడ్తలేదా?”

గుర్వయ్య భద్రమ్మ వైపు ఒకసారి చూశాడు. తన అరుపు ఏం చేసిందో అతనికి తెలుసు. గుణవంతుల కథల్లో అయితే ఇక్కడ అతని గుండె కరిగి, “పైసలేం వద్దు చెల్లె” అనాలి. గుర్వయ్య అలా అనలేదు. అరవైలో ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. కాని కుర్చీ ముందుకు పోయి, తన గెలుపుకు దక్కిన ఒకే ఒక్క కోరికను ఇంకొకరి మొగుడి కోసం అడిగాడు. “కొట్టంల ఉన్న మా సాయిలును ఇడువుండ్రి దొరా.”

అమీను నవ్వాడు. క్యాంపులో ఇంకో శవం లేవడం అతనికీ ఇష్టం లేదేమో. మర్నాడు పొద్దున వదిలేశారు. సాయిలును బిక్షమ్మా నర్సింగమ్మా చెరో రెక్క పట్టుకుని నడిపించుకుంటూ తీసుకుపోయారు. ఆయన ఆరేళ్లు బతికాడు. కథ మళ్లీ చెప్పలేదు. కొట్టంలోంచి పందెం అంతా విన్నానని ఒక్కసారి అన్నాడు. ఏం విన్నావని ఆమె అడగలేదు.

అమీను నమ్మలేదు. అది జ్యేష్ఠంలో తెలిసింది. పందెం మర్నాటి నుంచే భద్రమ్మ ఇంటి వెనక చింతతోపులో మఫ్టీలో మనిషిని పెట్టాడు. జ్వరంతో, తల్లి చేతి గంజి కోసం వచ్చిన రఘుపతిని గోడ దూకుతుండగా కాల్చారు. ఈసారి శవం ఇంటిముందే ఉంది. దినాలకు నర్సింగమ్మను పిలవలేదు. పదకొండు రోజులు గడిచాక భద్రమ్మే వచ్చింది, గుడిసె ముందు నిలబడి ఒక్క మాట అంది.

“నా చేత గుడ్డ మీద ఏపిచ్చినవ్. నువ్వు పాడినవ్. వాడు పోయిండు.”

దీవెనకు మనిషిని చంపే బలం లేదు. ఆ బలం తుపాకీకి ఉంది, చింతతోపులో కూర్చున్నవాడి ఓపికకు ఉంది. ఈ మాట ఎవరైనా చెప్పగలరు. భద్రమ్మకు చెప్పడానికి మాత్రం ఎవరూ పోలేదు. నర్సింగమ్మ కూడా చెప్పలేదు, ఎందుకంటే ఆమెకే నమ్మకం చాల్లేదు.

తర్వాత ఆమె కథలు చెప్పింది. కర్ఫ్యూ ఎత్తేశారు, దీపాల వెలుగులో మళ్లీ కథలు మొదలయ్యాయి. ముందు నిలబడి చెప్పే ఆడమనిషి అని మోత్కూరు నుంచి కొత్తకోట దాకా పేరు పాకింది. కాని ఆమెకు ఒక చెడు అలవాటు పట్టుకుంది. బుడిగె మీద పైస మోగినా సరే, దీవెన అనేముందు ఆగి, ఇచ్చినవాళ్ల కళ్లలోకి చూసి, “ఉన్నరా, పోయిన్రా?” అని అడిగేది. తల్లి కొడుకు పేరున ఇస్తే తల్లిని అడిగేది. కొత్త పెళ్లికూతురు మొగుడి పేరున ఇస్తే పెళ్లికూతుర్ని అడిగేది. అదేం అపశకునపు నోరని జనం తిట్టుకున్నారు. కథ బాగానే విన్నారు, పైస తీయడం తగ్గించారు. బిక్షమ్మ మొత్తుకుంది. “ఏస్తె మోగుతది, మోగితె ఉన్నట్టే గదనే! ఎందుకడుగుతవ్?” నర్సింగమ్మ విని తలూపేది, మళ్లీ అడిగేది.

గుర్వయ్యకు ముట్టచెప్తానన్న అరవై హాలీ రూపాయల్లో ముప్పై ఎనిమిది ముట్టాయి. ఇరవై రెండు ఇంకా బాకీ ఉన్నాయి.